మా ఆవు ఈనింది

తెలుగునాట బడికి వెళ్ళినవారిలో ఆవు వ్యాసం వ్రాయనివారు అరుదు. "ఆవు సాధుజంతువు" అన్నది దాని మొదటి వాక్యం. తరువాత కాళ్ళు నాలుగు, కొమ్ములు రెండు, తోక ఒకటి. చివర పాలు, పేడ, మానవులకు ఉపయోగం. ఆవు వ్యాసం తప్ప మరొకటి రాని కుర్రవాడు, కొబ్బరిచెట్టును గురించి వ్రాయమంటే ఆవును తెచ్చి కొబ్బరిచెట్టుకు కట్టివేసి మళ్ళీ అదే వ్యాసం అప్పజెప్పాడన్న హాస్యకథ అందరికీ తెలిసినదే. విని నవ్వుకుంటాము. ఆ కుర్రవాణ్ణి అట్లా తయారుచేసినవారు ఎవరన్న ప్రశ్న మాత్రం వేసుకోము.

నేను భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అందులో చాలా ఏళ్ళు ప్రాథమికోన్నత పాఠశాలల్లో గడిచాయి. పండితుడు పై తరగతులకే అని కాగితం మీద ఉంటుంది గాని, ఉపాధ్యాయుల కొరత పుణ్యమా అని ఒకటో తరగతి పలకలు దిద్దే పని కూడా వచ్చి పడుతుంది. ఆ పని నాకు ఇష్టమే. ఆ అనుభవం మీద నిలబడి ఒక మాట చెప్పదలచుకున్నాను. మన బడులు అక్షరం నేర్పుతున్నాయి, పదం నేర్పుతున్నాయి, పద్యం కూడా అప్పజెప్పిస్తున్నాయి. ఉన్న సంగతిని ఉన్నట్లు ఒక వాక్యంగా వ్రాయడం నేర్పడం లేదు. అంతటితో ఆగితే కొంత నయం. బిడ్డ ఇంటినుంచి తెచ్చుకున్న ఆ విద్యను రెండేళ్ళలో మరిపిస్తున్నాయి కూడా.

ఒకసారి రెండో తరగతిలో ఆవును గురించి రెండు మాటలు వ్రాయమన్నారు. ఒక పిల్లవాడు పలక మీద "మా ఆవు ఈనింది" అని వ్రాసి చూపించాడు. ఆ తరగతి చూస్తున్న సహోద్యోగి దాన్ని చేత్తో తుడిచివేసి, "ఆవు గురించి వ్రాయమన్నాను గాని మీ ఇంటి భాగోతం కాదు" అన్నారు. పిల్లవాడు మళ్ళీ కూర్చుని "ఆవు సాధుజంతువు" అని వ్రాశాడు. ధకారం కింద పొట్టలో చుక్క పెట్టి "సాథు" చేశాడనుకోండి. దానికి ఇంకొక మొట్టికాయ. ఆ మాస్టారు చెడ్డవాడు కాడు. చెప్పిన పాఠం ప్రకారం నడిచాడు. పాఠమే అట్లా ఉన్నది.

ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. "ఆవు సాధుజంతువు" అన్నదాంట్లో ఆ బిడ్డ చూసింది లేదు, విన్నది లేదు, తెలుసుకున్నది లేదు. సాధువంటే ఏమిటో వాడికి తెలియదు. వాళ్ళ ఆవు సాధువో కాదో దాని కొమ్ము తగిలిన వాళ్ళ నాయనమ్మను అడగాలి. "మా ఆవు ఈనింది" అన్నదాంట్లో ఒక రాత్రి మెలకువ ఉంది, లాంతరో ఫోను దీపమో పట్టుకుని నిలబడిన నాన్న ఉన్నాడు, తెల్లవారేసరికి ఇంట్లో కొత్తగా వచ్చిన ఒక ప్రాణి ఉంది, జున్ను ఉంది. వ్యాకరణం ప్రకారం చూసినా అది లోపం లేని వాక్యం. కర్త ఉంది, క్రియ ఉంది, కాలం ఉంది. ఒక్క వత్తు లేదు. గుణింతం సగం వచ్చిన పిల్లవాడు తన చేతిలో ఉన్న అక్షరాలతో తాను చెప్పగలిగిన అతి పెద్ద వార్తను చెప్పాడు. దాన్ని తుడిచివేశాము.

ఉన్నత పాఠశాలలో వాక్యభేదాలు అని ఒక పాఠ్యాంశం ఉంది. విధ్యర్థకం, నిషేధార్థకం, ప్రశ్నార్థకం, సందేహార్థకం, ఆశీరర్థకం, ఇంకా కొన్ని. ఆ వరసలో నిశ్చయార్థకం కూడా ఉంటుంది. వాక్యం ఇచ్చి ఇది ఏ రకం అంటే పిల్లలు టక్కున గుర్తుపట్టి మార్కు తెచ్చుకుంటారు. అదే పిల్లలను "నిన్న సాయంకాలం మీ వీధిలో జరిగినదొకటి చెప్పు, వ్రాయి" అనండి. కలం కదలదు. రోగం పేరు కంఠస్థమై రోగిని గుర్తుపట్టలేని వైద్యం వంటిది ఇది.

ఇక "సొంత వాక్యాలు" అనే అభ్యాసం సంగతికి వస్తాను, నా అసలు కోపం దాని మీదనే కనుక. పాఠం చివర నాలుగైదు పదాలిచ్చి వాటిని సొంత వాక్యాలలో ప్రయోగించమంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడికి నమస్కారం. పదం పుస్తకానిది, వాక్యం గైడుది, దిద్దుబాటు మాస్టారిది. సొంతం ఎక్కడున్నదో నాకు ఇంతవరకు తెలియలేదు. "ఉపకారం" అని ఇస్తే "మనం ఇతరులకు ఉపకారం చేయాలి". "పరిశుభ్రత" అని ఇస్తే "మనం పరిశుభ్రత పాటించాలి". "గౌరవం" అంటే "పెద్దలను గౌరవించాలి". చెట్లను పెంచాలి, నీటిని పొదుపు చేయాలి, అబద్ధమాడరాదు, ఐకమత్యంగా ఉండాలి. మీ ఇంట్లో మూడో తరగతి పిల్లవాడి తెలుగు నోటుబుక్కు ఉంటే ఒకసారి తెరిచి, వాక్యం చివర "ఆలి" అని ముగిసేవి ఎన్నో లెక్కపెట్టండి. ఆడపిల్ల పెళ్ళి చేసుకుంటే ఆలి, వాక్యం బడికి పోతే ఆలి! (ఈ శ్లేషకు క్షమించండి, పండితుల జబ్బు.)

ఇవి వినడానికి మంచి మాటలే. నా అభ్యంతరం మంచి మీద కాదు. "చేయాలి" అన్నది ఉన్న సంగతిని చెప్పే వాక్యం కాదు, విధించే వాక్యం. ఎనిమిదేళ్ళ బిడ్డకు విధించే అధికారం ఎవరిమీద ఉన్నది? పెద్దలు తనకు చెప్పిన బోధను తిరిగి పెద్దలకే అప్పజెప్పడం తప్ప ఆ వాక్యానికి వేరే పని లేదు. చూసినదాన్ని చెప్పడం రాకముందే ప్రవచనం చెప్పడం నేర్పుతున్నాము. ఫలితం ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి రోజూ బడికి ముందు వీధి చివర బోరు నుంచి రెండు బిందెల నీళ్ళు మోసేది. వేసవి వస్తే తెల్లవారుజామునే లేచి వరసలో నిలబడేది. ఆ అమ్మాయి నోటుబుక్కులో "నీటిని వృథా చేయరాదు" అని ఉన్నది. నీళ్ళను గురించి ఆ బడిలో అందరికంటే ఎక్కువ తెలిసిన బిడ్డ వ్రాసిన వాక్యం అది! ఆమెకు వృథా చేయడానికి నీళ్ళెక్కడివి? నేను పక్కన కూర్చుని, "బోరు దగ్గర ఏం జరిగిందో చెప్పు" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. అది వ్రాయదగిన విషయమని ఆమెకు నమ్మకం కుదరలేదు. చివరకు వ్రాసింది: "వరసలో నా బిందె ఏడోది. ఆరో బిందెకాడ కరెంటు పోయింది."

ఆ రెండు వాక్యాలకు నేను దిద్దవలసింది ఏమీ కనిపించలేదు. "కాడ" అన్నది "దగ్గర" అని మార్చాలని ఒక మిత్రుడు తరువాత సలహా ఇచ్చాడు. దాని సంగతి కిందికి వస్తుంది.

నిశ్చయార్థక వాక్యాన్ని పిల్లలకు ఎట్లా నిర్వచించాలి? కర్త, కర్మ, క్రియ అని మొదలుపెడితే ఆ తరగతి అక్కడే నిద్రపోతుంది. నేను వాడిన పరీక్ష చాలా మోటుది. ఒకరు వాక్యం చెబితే ఇంకొకరు లేచి "కాదు" అనగలగాలి. "ఆవు సాధుజంతువు" అంటే ఎవరూ లేవరు, ఎవరికీ పట్టదు. "మా ఆవు ఈనింది" అంటే వెంటనే వెనక బల్లనుంచి, "కాదండీ, ఈనింది వాళ్ళ గేదె, ఆవు ఇంకా ఈనలేదు" అని లేస్తాడు ఒకడు. ఇప్పుడు తరగతిలో భాష పుట్టింది. ఎవరిది నిజం? ఎవరు చూశారు? ఎప్పుడు? చెప్పినవాడు తన మాటకు తాను పూచీ పడవలసి వస్తుంది. "నేను చూశాను" అనాలి, లేదా "మా అక్క చెప్పింది" అని సవరించుకోవాలి. "ఈనింది", "ఈనిందట" - ఈ రెంటికీ మధ్య తేడా ఏడేళ్ళ పిల్లలకు అక్కడ అర్థమవుతుంది. తెలుగులో ఒక్క "ట"తో చూసినదాన్ని విన్నదాన్నుంచి వేరుచేయవచ్చు. ఎంత గొప్ప సౌకర్యం! ఏ వాచకంలోనైనా రెండో తరగతి పిల్లలకు దీన్ని ఒక పాఠంగా పెట్టినట్లు నా కంటపడలేదు.

ముందు అక్షరాలు రావాలి, తరువాత గుణింతాలు, ఆపైన వత్తులు, ఆపైన పదాలు, చివరకు గదా వాక్యం అంటారు కొందరు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకల వరస అట్లాగే ఉంటుంది. కాని బిడ్డ ఖాళీ స్థలం కాదు. బడిలో అడుగుపెట్టేనాటికే వాడు వాక్యాల్లో బతుకుతున్నాడు. అలుగుతాడు, చాడీలు చెబుతాడు, బేరమాడతాడు, అబద్ధం కూడా చక్కటి వాక్యంగా చెబుతాడు. వాడు చెప్పినదాన్ని మాస్టారు నల్లబల్ల మీద వ్రాస్తే చాలు, వాడి వాక్యం వాడి కళ్ళముందు నిలబడుతుంది. వేలు పెట్టి చదువుతాడు. తన మాట కనుక ఎక్కడ ఏమున్నదో ముందే తెలుసు. చూచివ్రాత వ్రాయించాలనుకుంటే దాన్నే వ్రాయించండి, నాకేమీ అభ్యంతరం లేదు. న్యూజీలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ 1963లో ప్రచురించిన పుస్తకంలో దాదాపు ఇదే చెప్పింది. బిడ్డకు ఏ మాట కావాలో బిడ్డనే అడిగి, ఆ మాటనే మొదట వ్రాసి ఇచ్చేది. తెలుగులో వత్తులు లేకుండా ఎన్ని వాక్యాలు వ్రాయవచ్చో ఎవరైనా కూర్చుని చూశారా? మా నాన్న ఊరికి పోయాడు అనడానికి వత్తు కావాలి నిజమే. మా మామ రాలేదు, కోడి గుడిసె ఎగిరి దూకింది, ఇవాళ వాన లేదు, నాకు జడ వేయలేదు - వీటికి అక్కరలేదు. "అమ్మ" అన్న మాటలోనే వత్తు ఉన్నది గనుక అమ్మను గురించి వ్రాయడానికి మూడు నెలలు ఆగమందామా?

ఇంతకంటే సూక్ష్మమైన అపకారం ఇంకొకటి జరుగుతున్నది. అది వాక్యపు అచ్చును మార్చివేయడం. పిల్లలకు మనం చూపించే తెలుగు వాక్యాల్లో చాలా భాగం ఇంగ్లీషు అచ్చులో పోసినవి. "ఇది ఒక బంతి" అంటుంది బొమ్మల పుస్తకం. ఏ తల్లి అయినా బిడ్డకు బంతి చూపించి "ఒక బంతి" అంటుందా? "ఇది బంతి" అంటుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ చిన్న "ఎ" అనే మాటకు మనం "ఒక" అని పేరు పెట్టి ఇంట్లో తెచ్చి కూర్చోబెట్టాము. ఇంగ్లీషు వాక్యానికి క్రియ లేకపోతే కాలు విరిగినట్లు. మనకు ఆ ఇబ్బంది లేదు. "ఆయన మా మేనమామ", "మా ఊరు పలాస", "చింతకాయ పులుపు". క్రియ లేదు, అయినా నిండు వాక్యాలు. కాదనాలంటే ఒక్క "కాదు" చేర్చితే చాలు. చేకూరి రామారావు గారు 1975లో వచ్చిన "తెలుగు వాక్యం"లో ఇట్లాంటి క్రియారహిత వాక్యాలను శాస్త్రీయంగా చర్చించారు. అర్ధశతాబ్దం గడిచింది. ఆ జ్ఞానం విశ్వవిద్యాలయం మెట్లు దిగి ఒకటో తరగతి గడప దాకా రావడానికి ఇంకెంత కాలం పడుతుందో.

పైగా "కలిగి ఉండటం" అనే భూతం ఒకటి. "ఆవు నాలుగు కాళ్ళను కలిగి ఉంది." ఆవుకు నాలుగు కాళ్ళు అంటే సరిపోయేది. మొక్క వేళ్ళను కలిగి ఉంటుంది, చేప మొప్పలను కలిగి ఉంటుంది, ఇల్లు కిటికీలను కలిగి ఉంటుంది. ఎవరింట్లోనైనా "నేను ఇద్దరు అన్నలను కలిగి ఉన్నాను" అంటారా? తరువాతిది "బడు". "గంట కొట్టబడింది", "నీరు మొక్కచే పీల్చుకోబడుతుంది". మొక్క నీరు పీల్చుకుంటుందనండి, మొక్కకు కూడా ఆనందంగా ఉంటుంది. ఇక "నేను". తెలుగు క్రియ చివరనే చెప్పినవాడెవడో తెలుస్తుంది. "అన్నం తిన్నాను" అంటే తిన్నది ఎవరని ఎవరూ అడగరు. ఆ పిల్లవాడి నోటుబుక్కులో మాత్రం "కర్త లేదు" అని ఎర్రసిరాతో వ్రాసి, ప్రతి వాక్యానికి ముందు ఒక "నేను" పెట్టిస్తారు. పది వాక్యాలకు పది "నేను"లు. బడి నుంచి వచ్చిన బిడ్డ "ఆకలేస్తోంది" అంటుంది గాని, అనువాదపు తెలుగులో లాగా "నేను ఆకలిగా ఉన్నాను" అనదు. ఇంటి వాక్యంలో ఆకలి కర్త, బిడ్డ దాని వాత పడినది. ఆ రెంటికీ ఎంత దూరమో చూడండి.

చిన్న వాక్యాలు వ్రాయించాలన్న నియమం కూడా గుడ్డిగా పాటిస్తున్నారు. పిల్లవాడు "నాన్న సంతకు పోయి మేకను కొని ఆటోలో ఎక్కించుకొని వచ్చాడు" అంటాడు. క్త్వార్థకాలు గొలుసుకట్టి నడవడం తెలుగు స్వభావం. దాన్ని నాలుగు ముక్కలు చేసి, నాన్న సంతకు పోయాడు, నాన్న మేకను కొన్నాడు, నాన్న మేకను ఎక్కించాడు, నాన్న వచ్చాడు అని వ్రాయిస్తే, ఆ పిల్లవాడు వాక్యం నేర్చుకున్నట్లా, మరిచిపోయినట్లా? గొలుసు మరీ పొడవై "తరవాత, తరవాత" అని సాగిపోతే అక్కడ తెంపడం నేర్పాలి. అది వేరు.

ఇప్పుడు మావాళ్ళ సంగతి. పండితులను నేను వెనకేసుకురాను. మేము చదువుకున్న బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగుస్తుంది. సంధి ఉంది, సమాసం ఉంది, తద్ధితం ఉంది, కృదంతం ఉంది. వాక్యానికంటూ ఒక పరిచ్ఛేదం లేదు. చిన్నయసూరి గారి మేధస్సు ముందు సాష్టాంగపడతాను, ఆ సూత్రాలు ఈ వయస్సులో కూడా కంఠస్థంగా చెప్పగలను. కాని ఆ గ్రంథం పేరులో ఉన్న "బాల" శబ్దాన్ని చూసి బాలురకు భాష నేర్పే దారి అదేననుకుని, సంధులు విడదీయించి, సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పించి, అంతటితో తెలుగు వచ్చినట్లేనని సంతృప్తిపడిన ఉపాధ్యాయలోకం మాది. విడదీయడం నేర్పాము. కూర్చడం ఎవరు నేర్పాలి?

"కాడ" సంగతి చెబుతానన్నాను. పాలమూరు పిల్లవాడు "నాయిన పోయిండు" అని వ్రాస్తే కొట్టివేస్తారు. కడప పిల్లవాడు "వచ్చినాడు" అని వ్రాస్తే కొట్టివేసి "వచ్చాడు" అని పైన వ్రాస్తారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. కొట్టివేసిన ఆ "వచ్చినాడు" గ్రాంథిక వ్యాకరణం ఒప్పుకునే "వచ్చినాఁడు"కు అరసున్న దూరంలో ఉన్నది. దిద్దిన "వచ్చాడు" ఒకప్పుడు పండితులు గ్రామ్యమని ఈసడించిన రూపం. ఎర్రసిరాకు చరిత్ర తెలియదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున పటానికి దండవేసి, మరునాడు తరగతిలో బిడ్డ నోటి మాటను కొట్టివేస్తాము. ఒకటి, రెండు తరగతుల్లో బిడ్డ ఎట్లా అంటే అట్లా వ్రాయనివ్వాలని నా వాదం. మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి పక్కన పుస్తకపు రూపం వ్రాసి చూపించవచ్చు. పక్కన అన్నాను, పైన కొట్టివేసి కాదు. ప్రామాణిక భాష వద్దనేవాణ్ణి కాను. దాన్ని నేర్పినందుకే నాకు జీతమిచ్చారు.

మాధ్యమం గురించి మాత్రం మనవాళ్ళకు ఎడతెగని పోట్లాట. తెలంగాణలో 2018లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రాథమిక తరగతులనుంచే ఆంగ్లమాధ్యమమని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. రెండు పక్షాలవారు పత్రికల్లో పేజీలు నింపారు. ఆ పేజీల్లో నేను చదివినంతవరకు, తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డ ఏ వాక్యం వ్రాస్తున్నదని అడిగినవారు కనిపించలేదు. "నీటిని వృథా చేయరాదు" అని తెలుగులో వ్రాసినా, దాని ఇంగ్లీషును ఇంగ్లీషులో వ్రాసినా, ఆ అమ్మాయి బిందె వరసలో ఏడోదిగానే ఉంటుంది. కొలిచేవారు కూడా చదవడాన్నే ఎక్కువగా కొలుస్తారు. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదికలు 2005 నుంచి వస్తున్నాయి. అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ - ఏది చదవగలరో చూస్తారు. అది అవసరమైన పనే. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టినప్పుడు మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టుకున్నారు. (తెలుగు మాట ఒక్కొక్కటి ఎంత పొడవుంటుందో తెలిసినవారు ఆ అంకె చూసి కొంచెం నిట్టూర్చి ఉంటారు.) గడియారం పెట్టి కొలవలేని పనికి లెక్కల్లో చోటు దొరకడం కష్టం.

దీనివల్ల ఏం మునిగిపోయిందని అడిగేవారుంటారు. నా దగ్గరకు అర్జీలు వ్రాయించుకోవడానికి వస్తారు, పదవీవిరమణ తరువాత మరీ ఎక్కువగా. పట్టభద్రులు కూడా వస్తారు. చేతిలో వాళ్ళు వ్రాసుకున్న కాగితం ఉంటుంది. "గౌరవనీయులైన మండల తహసీల్దారు గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాసుకొను విన్నపము ఏమనగా" అని మొదలై, అరపేజీ వినయం నడిచి, తమరు దయతలచి తగు చర్య తీసుకోవాలని ముగుస్తుంది. ఏం జరిగిందో ఉండదు. "బాబూ, సంగతేమిటి?" అంటే నోటితో చక్కగా చెబుతాడు: "మా నాన్న పోయి రెండేళ్ళయింది. పొలం ఇంకా ఆయన పేరునే ఉంది. మూడుసార్లు కాగితాలిచ్చాము. రసీదు ఒక్కసారే ఇచ్చారు." నాలుగు వాక్యాలు. అర్జీ అంటే అదే. అదే కాగితం మీద పెట్టమంటే, "అట్లా వ్రాయవచ్చునా అండీ?" అని అడుగుతాడు. పదిహేనేళ్ళ చదువు వాడికి ఉన్న సంగతి చెప్పడం మర్యాద కాదని నేర్పింది! రసీదు ఇవ్వనివాడికి ఇంతకంటే కావలసింది ఏముంది? దివ్యసముఖానికి వినయం ఎంత చేరినా ఫైలు కదలనక్కరలేదు. తేదీ, సంఖ్య, జరిగిన పని ఉన్న నాలుగు వాక్యాలకు ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఇప్పుడు ఫోనులో మాట్లాడితే అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి, అడిగితే యంత్రమే అర్జీ వ్రాసి ఇస్తోంది, ఈ చాదస్తమెందుకని మా అబ్బాయి అంటాడు. యంత్రం నాకంటే మంచి దివ్యసముఖం వ్రాస్తుంది, సందేహం లేదు. రసీదు ఎన్నిసార్లు ఇచ్చారో దానికి తెలియదు. అది చెప్పవలసినవాడు చెప్పాలి.

ఉపాధ్యాయుల కష్టం నాకు తెలియనిది కాదు. ఒక్కరే అయిదు తరగతులు చూసే బడులున్నాయి. గుడ్లు లెక్కపెట్టాలి, ఫోటోలు ఎక్కించాలి, హాజరు రెండుచోట్ల వేయాలి. అందుకే పెద్ద సంస్కరణలేవీ అడగడం లేదు. ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గరి కొండపల్లె బార్బియానాలో, బడి వెళ్ళగొట్టిన రైతుబిడ్డలను కూర్చోబెట్టుకుని లొరెంజో మిలానీ అనే మతాచార్యుడు చదువు చెప్పాడు. ఆ పిల్లలు ఎనిమిది మంది కలిసి వ్రాసిన పుస్తకం 1967లో వచ్చి లోకమంతా తిరిగింది. వాళ్ళ పద్ధతికి కావలసిన సామగ్రి కాగితపు ముక్కలు. తోచిన సంగతి ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్కటి వ్రాసుకోవడం, తరువాత అన్నీ పరిచి ఒకేరకమైనవి ఒకచోట చేర్చడం, రెండుసార్లు వచ్చినది తీసివేయడం. నేను పాత పరీక్షపత్రాల వెనకవైపు చించి వాడాను. ఖర్చు లేదు.

రోజుకు ఒక్క వాక్యం చాలు. పొద్దున హాజరు పిలిచేటప్పుడు "ఉన్నానండీ" అనే బదులు ఒక్కొక్కరు నిన్నటినుంచి ఇవాళ్టికి తాము చూసిన సంగతి ఒకటి చెప్పాలి. అయిదుగురివి బల్ల మీద వ్రాయండి. మిగిలినవాళ్ళవి రేపు. "కాదు" అనేవాళ్ళు ఉంటే లేవమనండి. "ఆలి"తో ముగిసే వాక్యాలను మూడో తరగతి పూర్తయ్యేదాకా ఎవరూ వ్రాయకూడదని నేను ఒక ఏడాది నియమం పెట్టాను. తనిఖీకి వచ్చిన అధికారి నోటుబుక్కులు తిరగేసి, "ఇందులో నీతి ఎక్కడుందండీ?" అని అడిగారు. "వాళ్ళ గొడ్లపాక కారిందని వ్రాశాడు చూడండి, నిజంగానే కారింది" అన్నాను. ఆయన ఏదో వ్రాసుకుని వెళ్ళారు.

ఈ జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఎవరైనా ఒకరు ప్రయత్నించదలిస్తే ఒక్క సూచన. నోటుబుక్కులో కుడి పేజీ బడికి ఇవ్వండి, సొంత వాక్యాలు, ఖాళీలు పూరించడం, జతపరచడం అన్నీ అక్కడే కానివ్వండి. ఎడమ పేజీ బిడ్డకు వదలండి. అక్కడ తేదీ వేసి ఒక వాక్యం. దాని మీద ఎర్రసిరా పెట్టవద్దు. తప్పు కనిపిస్తే కింద పెన్సిలుతో ఒక ప్రశ్న వ్రాయండి: "ఎప్పుడు?" "ఎన్ని?" "నువ్వు చూశావా?" మరునాడు దాని కింద జవాబు ఉంటుంది.